ఎడమవైపు సగం రోడ్డు

చిలకలూరిపేటలో మిర్చి కోల్డ్ స్టోరేజీల వరసకి ఎదురుగా మాలిక్ గేమ్ సెంటర్ ఉంది. గాలి అటు నుంచి ఇటు తిరిగిందంటే ఆడుకునే కుర్రాళ్ళందరూ ఒక్కసారే తుమ్ముతారు. ఎవరి కారు గెలిచిందో, ఎవరిది గోడకి కొట్టుకుందో ఆ తుమ్ముల్లో తేలదు. ఆ సెంటర్ తాళంచెవులు వెంకటనారాయణ దగ్గర ఉంటాయి. పొద్దున్నే తలుపులు తీయడం, ఊడవడం, కుర్చీల మీద కారపు దుమ్ము తుడవడం, కొట్టుకునే పిల్లల్ని విడదీయడం ఆయన పని. క్లచ్ తొక్కే ఎడమకాలు మోకాలి దగ్గర వంగదు. అది వంగడం మానేసిన రోజు నుంచి ఆయన స్టీరింగ్ ముట్టలేదు.

అంతకు ముందు ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. ఆయనా యలమందయ్యా ఒకే బండికి ఇద్దరు డ్రైవర్లు. ఒకరు తోలుతుంటే రెండోవారు సీటు వెనక పడకలో నడుం వాల్చేవారు. మార్కాపురం వైపు పల్లెల్లో మిర్చి బస్తాలు ఎక్కించుకుని, వినుకొండ మీదుగా గుంటూరు యార్డుకి చేరాలి. దారి పొడుగునా యలమందయ్య కోతలు కోసేవాడు. ఘాటు కాయ లోడు చేస్తే ఒకసారి లారీయే తుమ్మిందనీ, ఆ తుమ్ముకి జడిసి ఎదురొచ్చే బస్సు పొలంలోకి దిగి దారిచ్చిందనీ ఒట్టుపెట్టి మరీ చెప్పేవాడు. బండి కదిలించే ముందు మాత్రం నోరు మెదిపేవాడు కాదు. స్టీరింగ్‌ని ఎడమకి ఆ చివరిదాకా, కుడికి ఈ చివరిదాకా తిప్పి, మధ్యకి తెచ్చి ఆపేవాడు. అదే అతని దణ్ణం.

ఆరేళ్ళ కిందట, కాయ ఆరే రోజుల్లో, వినుకొండ దాటాక లారీ కుడివైపు కాలవలో పడింది. అప్పుడు తోలుతున్నది యలమందయ్య. పడకలో ఉన్న వెంకటనారాయణ కళ్ళు తెరిచేసరికి బండి తలకిందులుగా ఉంది, యలమందయ్య ప్రాణం పోయింది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళందరూ ఎలా జరిగిందనే అడిగారు. "నిద్ర పట్టినట్టుంది," అన్నాడు వెంకటనారాయణ. తాను నిద్రలో ఉన్నాడు కాబట్టి లోకమంతా నిద్రలోనే ఉందనుకున్నాడు.

ఆ ఒక్క మాట ఊరు పట్టుకుంది. అన్నేళ్ళు బండి తోలిన మనిషికి నిద్రపోతు యలమందయ్య అనే పేరు మిగిలింది. అతని భార్య కోటిరత్నం పోట్లాటకి రాలేదు. ఏడుస్తూ నిలదీయనూ లేదు. అప్పటిదాకా నోరారా అన్నయ్యా అని పిలిచిన మనిషి ఆ పిలుపు ఒక్కటి మానేసింది. ఇప్పుడు ఎదురుగా ఉన్న కోల్డ్ స్టోరేజీ షెడ్డులోనే మిరపకాయలకి తొడిమలు తీసే పని చేస్తోంది. రోజూ సెంటర్ ముందు నుంచే వస్తుంది, పోతుంది. తల తిప్పదు.

ఇది కాక వెంకటనారాయణకి ఇంకొకటి ఉంది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుజామున హారన్ మోగుతుంది. ఆగి ఆగి మోగేది కాదు, ఒకటే పొడుగు మోత. లేచి వీధిలోకి వెళితే బండీ ఉండదు, మనిషీ ఉండడు. పక్కనే పడుకున్న భార్యకి వినబడదు. అది తమ లారీ హారనే. యలమందయ్య తగువు పెట్టుకోవడానికి వస్తున్నాడనీ, తనని బయటికి పిలుస్తున్నాడనీ ఆయన నమ్మకం. ఏం తగువో మాత్రం తెలియదు.

ఈ మధ్య మాలిక్ సెంటర్ పెద్దది చేద్దామనుకున్నాడు. అతని దగ్గర రేసు ఆటలు రెండు రకాలు. ఒకటి ఆర్కేడ్, రంగుల దీపాల పెట్టె. రెండోది సిమ్యులేటర్, నల్లటి సీటు, బరువైన పెడళ్ళు, మూడు తెరలు. పక్క గదిలో ఏదో ఒక రకానికే చోటుంది.

"బాబాయ్, లారీ తోలినోడివి. రెండూ ఆడి చూడు. ఏది అసలు బండిలా ఉందంటే అదే కొంటా," అన్నాడు.

"నేను స్టీరింగ్ ముట్టనురా."

"స్టీరింగ్ ఎక్కడిది బాబాయ్, ప్లాస్టిక్కు."

ముందు ఆర్కేడ్ పెట్టె దగ్గర కూర్చున్నాడు. అందులో బ్రేకుతో పని లేదు. గోడకి కొడితే కారు రబ్బరు బంతిలా వెనక్కి వచ్చి మళ్ళీ పరుగందుకుంటుంది. లోయలో పడితే ఎవరో ఎత్తి రోడ్డు మీద పెడతారు. కొండ మీంచి ఎగిరి నాలుగు చక్రాల మీదా దిగిందంటే వెనక నుంచి బాకా మోగుతుంది. యలమందయ్య కోతల్లో లారీ అచ్చం ఇలాగే నడిచేదని వెంకటనారాయణకి నవ్వొచ్చింది.

మాలిక్‌కి ఇంకొకటి వింతగా తోచింది. "ఎడమవైపు సగం రోడ్డు ఎవరికి రాసిచ్చావు బాబాయ్? అస్తమానం కుడిపక్కకే పోతున్నావు."

"కాయ ఆరబోసి ఉంటుందిరా అటు."

"ఇది సముద్రం అవతలి ఊరు. అక్కడ కాయెవరు పోస్తారు?"

ఎవరూ పోయరని ఆయనకీ తెలుసు. చేతికి తెలియలేదు. కల్లం లేని రైతులు తారురోడ్డు మీద సగం మేర కాయ పోసి, అడ్డంగా రాళ్ళు పేర్చి, పక్కనే దుప్పటి కప్పుకుని కాపలా పడుకుంటారు. ఈ నేల మీద లారీ తోలినవాడెవడైనా ఆ సగం వదిలేయడం నేర్చుకున్నాకే తోలడం నేర్చుకుంటాడు.

తర్వాత సిమ్యులేటర్. ఆయన ఇంకా కూర్చోలేదు, మాలిక్ స్విచ్ వేశాడు. స్టీరింగ్ దానంతటదే ఎడమకి ఆ చివరిదాకా తిరిగింది. కుడికి ఈ చివరిదాకా తిరిగింది. మధ్యకి వచ్చి ఆగింది.

వెంకటనారాయణ వెనక్కి వెనక్కి జరిగి షట్టరుకి ఆనుకున్నాడు. మాలిక్ నవ్వుతూ, ఏం లేదనీ, తను ఎంతవరకు తిరగగలదో యంత్రం కొలుచుకుంటుందనీ, స్విచ్ వేసిన ప్రతిసారీ ఇంతేననీ చెప్పాడు. అర్థమైందన్నట్టు ఆయన తలూపాడు. కానీ సీటు ఎక్కేటప్పుడు ఎవరో పక్కకి జరిగి చోటిచ్చినట్టే అనిపించింది.

మాలిక్ లారీ ఆట పెట్టాడు, నిండు లోడు. ఎడమవైపు నడిచే రెండు వరసల రోడ్డు. పాటలు లేవు, బాకాలు లేవు. టైరు రొద, ఇంజను గుర్రు, అంతే. బ్రేకు తొక్కితే వెనక బరువు వచ్చి వీపు మీద పడినట్టుంది. టైరు పట్టు తప్పితే చేతిలో స్టీరింగ్ తేలికైపోతోంది. ఒకసారి మలుపులో బోల్తా కొట్టింది. ఎవరూ ఎత్తి రోడ్డు మీద పెట్టలేదు. ఇంజను ఆగింది, పగిలిన అద్దంలో ఆకాశం పక్కకి ఒరిగి అలాగే ఉండిపోయింది.

"అందుకే కుర్రాళ్ళకి ఇది నచ్చదు బాబాయ్. దీనికి జాలి లేదు," అన్నాడు మాలిక్.

వెంకటనారాయణ మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పుడే ఎదుటి షెడ్డు నుంచి గాలి తిరిగింది. వరసగా తుమ్ములు. రెండు చేతులూ ముక్కు దగ్గరికి పోయాయి. ఇందాక ఆర్కేడ్ ఆటలోనూ ఇలాగే తుమ్మాడు. కారు గోడని రాసుకుంటూ తన దారిన తను పోయింది. ఇక్కడ లారీ మెల్లగా ఎడమకి ఒరిగింది. అంచు దిగింది. ఎడమవైపు గుంటలోకి పోయి పడింది.

ఆయన ఆ గుంట వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంకోసారి పెట్టించుకుని ఈసారి కావాలనే చేతులు వదిలాడు. ఎడమకే. మళ్ళీ వదిలాడు. ఎడమకే. నీళ్ళు నిలవకుండా రోడ్డుని మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. ఎడమవైపు పోయే బండిని వదిలేస్తే అది వాలుకే జారుతుంది. క్లీనరుగా ఎక్కిన రోజే తెలిసిన సంగతి. దాన్ని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తలుచుకోలేదు.

తమ లారీ పడింది కుడివైపు.

నిద్రపోయినవాడి బండి రోడ్డు దాటి, వాలుకి ఎదురెక్కి, కుడికి పోదు. తిప్పితేనే పోతుంది. ఎడమవైపు ఏదో ఉంటేనే తిప్పుతాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి హారన్. అది యలమందయ్య వచ్చి మోగిస్తున్నది కాదు. ఆ రోజే మోగించాడు. పడకలో నిద్రలో ఉన్న తన చెవి దాన్ని విని దాచుకుంది. దాచుకున్నదాన్ని ఆరేళ్ళుగా తెల్లవారుజామున బయటికి తీస్తోంది. తను దాన్ని దయ్యమనుకున్నాడు.

వెంటనే రోడ్డు దాటి షెడ్డుకి పోయాడు. కోటిరత్నం కాయల కుప్ప ముందు కూర్చుని ఉంది. వాలు సంగతి అంతా చెప్పాడు. ఆమె తొడిమలు తీయడం ఆపలేదు.

"బొమ్మలారీ చెప్పిందా మీకు?" అంది.

"చెప్పింది."

"ఆరేళ్ళూ మనుషులు చెప్పింది విన్నాను. ఇప్పుడు బొమ్మలు చెప్పేది కూడా వినమంటారా?"

అప్పుడాయన హారన్ గురించి చెప్పాడు. భార్యకి కూడా చెప్పనిది, ఆ కాయల ఘాటులో, అందరూ వింటుండగా చెప్పాడు. ఎడమవైపు కాయ పోసి ఉంటారనీ, ఎవరో పడుకుని ఉంటారనీ, బండి కాలవలో పడ్డాక జడిసి, పోలీసులు రాకముందే కాయ ఎత్తుకుని పోయి ఉంటారనీ అన్నాడు. తను చూడలేదనీ, చూశానని ఎవరికీ చెప్పలేననీ కూడా అన్నాడు. "నిద్రపోయేవాడు హారన్ కొట్టడు చెల్లెమ్మా. నిద్రపోయింది నేను."

కోటిరత్నం చేతిలో కాయ కుప్పలో పడేసింది. ఒళ్ళో తొడిమలు దులుపుకుని లేచి, "ఆ బొమ్మ నాకు చూపించండి," అంది.

సెంటర్లో ఆమె అడుగుపెట్టగానే కుర్రాళ్ళు ఆట ఆపి చూశారు. మాలిక్ స్విచ్ వేశాడు. స్టీరింగ్ ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా తిరిగి మధ్యలో ఆగింది. యంత్రం కొలుచుకుంటుందని చెప్పబోయిన మాలిక్ ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు. ఆమె బెదరలేదు. బయటికి పోయిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు విన్నట్టు తల పంకించింది.

సీటులో కూర్చుని, స్టీరింగ్ మీద పైట చెంగు కప్పి దాని మీంచి పట్టుకుంది. "చేతులకి కారముంది. తర్వాత పిల్లలు కళ్ళు నులుముకుంటారు," అంది.

కాలు అందకపోతే పెడలు మాలిక్ చేత్తో నొక్కాడు. రోడ్డు సాగింది. ఆమె చేతులు వదిలింది. లారీ ఎడమకి జారి గుంటలో పడింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ ఎడమకే.

మూడోసారి ఆమె చేతులు వదల్లేదు. రోడ్డు తిన్నగా పోతోంది, ఎదురుగా ఏమీ లేదు. ఉన్నట్టుండి స్టీరింగ్ కుడికి లాగింది. తను లాగలేదని ఆమె అంది. ఆటలో అక్కడ రాయీ లేదు, గుంటా లేదని మాలిక్ ఇప్పటికీ ఒట్టేస్తాడు.

"హారన్ ఏది?" అంది కోటిరత్నం.

మాలిక్ చూపించాడు. ఆమె బొటనవేలితో నొక్కి అలాగే ఉంచింది. వెంకటనారాయణ తెల్లవారుజామున లేచి వీధిలోకి వెళ్ళేది దీనికే. అదే మోత. లారీ రోడ్డు మధ్యలో ఆగిపోయింది, మోత ఆగలేదు. మాలిక్ ఏదో అనబోతే వెంకటనారాయణ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

కోటిరత్నం తెర మీద ఎడమవైపు సగం రోడ్డునే చూస్తోంది.

"అటు పడుకున్నవాళ్ళు లేచారా అన్నయ్యా?" అని అడిగింది.

వెంకటనారాయణ ఆ ఖాళీ రోడ్డు వైపు చూశాడు.

"లేచారమ్మా," అన్నాడు.

అప్పుడు తీసింది వేలు.