చేపకు తలస్నానం

పెళ్లయిన కొత్తలో వనపర్తిలో మా అక్వేరియం చేపలకు తోడుగా ఒక గోల్డ్‌ఫిష్ కొన్నాను. కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచాలన్నారని బకెట్లో వేశాను. వారం తిరక్కుండా దాని ఒంటినిండా తెల్లటి పొక్కులు. మా అత్తమ్మ చూసి చెంపలు వేసుకుంది.

"తల్లి పోసింది బిడ్డా! ఇంట్ల తాలింపు ఎయ్యకు, ఎవ్వల్ని రానియ్యకు."

బకెట్‌కు వేపమండలు కట్టింది. నేను మందు వేస్తూనే ఉన్నా, ఇంటిల్లిపాదికీ చప్పిడి కూడు తప్పలేదు. పొక్కులు తగ్గాక చేపను అక్వేరియంలో కలపబోతే, అత్తమ్మ పసుపు నీళ్ల చెంబుతో అడ్డం కూర్చుంది.

"తానం చెయ్యకుంట నలుగుర్ల ఎట్ల కలుపుతవ్?"

"పొద్దంత నీళ్లల్లనే ఉంటది గద అత్తమ్మా!"

"గవి మైల నీళ్లు."

ఆ పసుపు నీళ్లు పడితే చేప చస్తుందని నా భయం. "సేవ జేసింది నేను గద, నాకే పొయ్యి" అని తల వంచాను. చెంబు మొత్తం నా నెత్తిన గుమ్మరించింది.

ఇప్పటికీ కొత్త చేప ఊసెత్తితే, మా ఆయన ముందు తాలింపు కూర పెట్టమంటారు.