మావయ్యగారు సైకిలెక్కిన శనివారం

నా ముప్పై ఏళ్ల జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనుల్ని వరసగా నిలబెడితే భవానీపురం నుంచి హనుమాన్ జంక్షన్ దాకా వస్తాయి. ఆ వరసలో అన్నిటికంటే ముందుండేది మా మావయ్యగారిని సైకిలెక్కించిన పని. ఆ రోజు పోయిన నా పరువు ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

మా మావయ్య ఏసురత్నంగారు పోస్ట్‌మ్యాన్‌గా రిటైరయ్యారు. ఎండనకా వాననకా సైకిలు మీద ఉత్తరాలు పంచిన మనిషికి పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. కుడి చెయ్యి వణికేది. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేవి. నలుగురూ చూస్తారన్న సిగ్గుతో ఆయన గేటు దాటడమే మానేశారు. ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చినప్పుడల్లా అదే మాట చెప్పేది: "కూర్చునే ఉంటే ఇంకా బిగుసుకుపోతారండీ. ఎలాగోలా కదిలించండి."

నేనప్పుడు ఆ ఇంటికి కొత్త అల్లుణ్ణి. కొత్త అల్లుడికి తెలియని విషయం లోకంలో ఉండదు కదా! కదిలించే బాధ్యత నా నెత్తినేసుకున్నాను. "లెఫ్ట్, రైట్" అని అరుస్తూ హాల్లో ఆయన్ని నడిపించేవాణ్ణి. నాలుగో రోజుకి ఆయన దణ్ణం పెట్టేశారు.

"అల్లుడుగారూ, మీ అరుపులకి పక్కింటి చంటాడు నడక నేర్చేశాడు గానీ నా కాళ్లు మాత్రం వినట్లేదండీ."

సరిగ్గా అప్పుడే ఫిజియోథెరపీ అమ్మాయి ఫోన్ చేసింది. "సైకిల్ తొక్కించి చూడండి. నడక కష్టమైనవాళ్లు కూడా కొందరు చక్కగా తొక్కేస్తారు. అయితే అది..." అంటూ ఇంకా ఏదో చెబుతోంది. నాకు అంతా అర్థమైపోయింది గనక ఫోన్ పెట్టేశాను.

శనివారం పొద్దున్న పక్కింటివాళ్ల సైకిల్ అడిగి తెచ్చాను. అత్తగారు నెత్తి మీద చేతులు పెట్టుకున్నారు.

"అడుగే పడని మనిషికి సైకిలేంటి బాబూ?"

"సైన్స్, అత్తయ్యగారూ! మీరలా చూస్తూ ఉండండి."

మావయ్యగారు మాత్రం సైకిల్‌ని పైనుంచి కిందికి చూసి ఒక్కటే అడిగారు. "బెల్లు మోగుతుందా?"

ఎలాగో సీటు మీద కూర్చోబెట్టి, వెనక క్యారియర్ పట్టుకున్నాను. "రెండు తొక్కులు చాలండీ, నేను వదలను" అన్నాను. రెండు తొక్కారు. మూడో తొక్కుకి క్యారియర్ నా చేతిలోంచి జారిపోయింది. ఆయన నిటారుగా కూర్చుని, టెలిగ్రాం ఇవ్వడానికి వెళ్తున్నట్టు దూసుకుపోయారు.

"మావయ్యగారూ, ఆగండి!"

"ఆగితే పడతానండీ!"

మా వీధి నాలుగు మలుపులు తిరిగి మళ్లీ మా ఇంటి ముందుకే వస్తుంది. మొదటి రౌండులో అత్తగారు గేటు దగ్గర కనిపించారు.

"ప్రభువా! ఏవండీ, ఎక్కడికండీ?"

"ఏమో!" అంటూ ఆయన బెల్లు కొట్టి వెళ్లిపోయారు.

రెండో రౌండులో ఇస్త్రీ బండి అతను పెట్టె పక్కన పెట్టి నా దారికి అడ్డొచ్చాడు. "ఏం ఎత్తుకెళ్తున్నాడండీ ఆ పెద్దాయన?"

"దొంగ కాదు... మా మావగారు..."

"మావగారిని తరమడమేంటండీ, సిగ్గులేదూ!"

మూడో రౌండుకి అత్తగారు తేరుకున్నారు. "మాత్ర టైమయిందండీ!"

"బల్ల మీద పెట్టు, వస్తున్నా!"

ఎలా వస్తారో ఆయనకే తెలియాలి. పడితే పట్టుకుందామని నేను వెనకే పరుగు. నాలుగో రౌండులో నా పిక్క పట్టేసింది. నడిరోడ్డు మీద ఉతికి పడేసిన దుప్పటిలా కూలిపోయాను. పడుకునే చూశాను. మలుపులో కొత్తగా కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంది. మావయ్యగారు నిదానంగా హ్యాండిల్ అటు తిప్పారు. ముందు చక్రం మెత్తగా కూరుకుపోయి సైకిల్ ఆగింది. ఆయన కాలు ఇసుక మీద ఆనించి నిలబడ్డారు.

"మొదటి రౌండులోనే ఈ కుప్ప చూసుకున్నానండీ. దాని మీద కుక్క పడుకుని ఉంది. ఇప్పటికి లేచింది" అన్నారు, ఏమాత్రం ఆయాసం లేకుండా.

ఇస్త్రీ బండి అతను, ఇంకొకాయన కలిసి ఒకరిని నడిపించుకుంటూ, ఒకరిని మోసుకుంటూ ఇంటికి చేర్చారు. మోసింది నన్ను.

సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, జరిగింది విని, తల పట్టుకుంది. "నేను చెప్పింది ఇంట్లో ఒకేచోట ఉండే ఎక్సర్‌సైజ్ సైకిలండీ! పడి తుంటి విరిగి ఉంటే?"

మావయ్యగారే అడ్డుపడ్డారు. "అల్లుణ్ణి ఏమీ అనకమ్మా. ఎన్నాళ్లకో వీధంతా చూశాను. ఇవాళ చొక్కా గుండీలు కూడా నేనే పెట్టుకున్నాను."

ఆ అమ్మాయి ఆయన్ని పరీక్షించి, బాగానే ఉన్నారంది. తర్వాత నా పిక్క నొక్కి చూసి పెదవి విరిచింది. "నాలుగు రౌండ్లకే ఇలా అయితే ఎలాగండీ? నొప్పి తగ్గాక మీరు రోజూ అరగంట నడవాలి."

"ఆయన్ని నాకొదిలెయ్యమ్మా. కొత్త కదా, మొహమాటపడతారు. నేను తోడుంటాను" అన్నారు మావయ్యగారు.

మూడో రోజు పొద్దున్న ఆయన నాకంటే ముందే గేటు బయట నిలబడి ఉన్నారు. ఇంట్లోకి ఎక్సర్‌సైజ్ సైకిలూ వచ్చింది. నేను మాత్రం ఇంకెప్పుడూ ఏ మావగారినీ వీధిలో సైకిలెక్కించనని చెయ్యి పైకెత్తి ఒట్టేశాను. నాకున్నది ఒక్కరే మావగారు, ఆయనేమో ఇప్పుడు నా మాట వినడం మానేశారు. కనక ఒట్టు నిలబెట్టుకోవడం పెద్ద కష్టంగా లేదు.