చిప్పలు నోరు తెరవలేదు

బందరు సముద్రం అంటే నాకిప్పుడు రోత. నీళ్లలో చిప్స్ కవర్లు విసిరే జనాన్ని చూసి విసుక్కుంటున్నానని మా ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ రోతలో ఎక్కువ భాగం నా మీద నాకే.

గుడివాడలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఆల్చిప్ప నీళ్లు పీల్చి, వాటిని వడగట్టుకుని బతుకుతుందని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. సముద్రానికి బయల్దేరితే మాత్రం గోడకు సున్నం కొట్టినట్టు ఒంటికి సన్‌స్క్రీన్ పట్టిస్తాను.

తీరంలో ఒకావిడ ఆల్చిప్పలు అమ్మేది. తెల్లారగట్ల బురదలో ఏరుకొచ్చి, టబ్బులో సముద్రపు నీళ్లు పోసి ఉంచేది. అవి నోరు తెరిచి కడుపులో ఇసుకంతా కక్కితేగాని అమ్మేది కాదు. ఆవిడ దగ్గర కొన్న చిప్పల కూరలో పంటికింద ఒక్క రేణువు తగలదు. ఆ పేరు మీదే ఆవిడ బతుకు.

ఆ ఆదివారం నేను చిప్పలు కొనడానికి వెళ్లాను. టబ్బులో నీళ్లు మార్చే వేళకు ఆవిడ మోకాలు పట్టేసింది.

"మీరు కూర్చోండి పిన్నీ, నేను తెస్తాను" అని బకెట్ అందుకున్నాను.

"కాలవ సముద్రంలో కలిసే మొగ కాడ ముంచండి మేడంగారూ. ఇక్కడియ్యి వద్దు" అంది.

ఆ ఎండలో అంత దూరం ఎవరు నడుస్తారు? ఉప్పునీళ్లు ఎక్కడైనా ఉప్పునీళ్లే కదా అనుకుని, జనం స్నానాలు చేసే చోటే నడుముదాకా దిగి ముంచాను. నీళ్ల మీద జిడ్డు తేలుతోంది. నా చేతుల మీది పూత కూడా తెల్లగా కరిగి బకెట్లోకి కారింది. చూసి కూడా తెచ్చి పోశాను.

చిప్పలన్నీ మూసుకున్నాయి. రెండు గంటలైనా ఒక్కటీ తెరవలేదు. ఆవిడ వేళ్లు ముంచి వాసన చూసి ముఖం చిట్లించింది.

"ఎక్కడియ్యండీ ఈ నీళ్లు? సెంటు కంపు కొడతన్నాయి."

దాచలేక చెప్పాను. నా ఒంటి జిడ్డు చూసి నాకే అసహ్యమేసింది. మొగ దగ్గరి నీళ్లు తెస్తాను, కడిగేద్దామన్నాను.

"వద్దులెండి. మా ఇంట్లో వండుకోని సరుకు ఊళ్లోవాళ్లకి ఎట్టా అమ్మేది?"

కుంటుతూ టబ్బును నీళ్ల అంచుదాకా ఈడ్చుకెళ్లింది. పక్కనే ఒక కుటుంబం ఒకరి వీపుకొకరు క్రీము రాసుకుని, కేరింతలు కొడుతూ అలల్లోకి దూకింది. ఆవిడ వాళ్లను చూసి, టబ్బు వంచబోయి ఆగింది. నా వైపు తిరిగింది.

"చదువు చెప్పేవాళ్లు కదా, మీరే చెప్పండి. వీటినిప్పుడు ఎక్కడ వదలమంటారు?"