తలుపు కొట్టే చిన్నాయన

ఎవరన్నా తలుపు కొడితే నాకు ఇప్పటికీ మా చిన్నాయననే యాదికొస్తడు.

ఆయన పటాన్‌చెరు కార్ఖానాల ఫిట్టరు. డెబ్బైలల్ల, కొత్త మిషిన్ పని నేర్సుకొమ్మని కంపెనోళ్లు జర్మనీకి తోలితే, రెండేండ్లకు తిరిగొచ్చిండు. తెచ్చిన రేడియో నెల తిరగకముందే ఖరాబైంది గని, నేర్సుకొచ్చిన అలవాటు మాత్రం చెడలేదు. బార్లా తెరిసున్న తలుపును గూడ రెండుసార్లు కొట్టి, "లోపలికి రావచ్చునా?" అని అడిగెటోడు.

మా ఊర్ల పగటిపూట తలుపులు మూసే రివాజే లేదు. తలుపు కొట్టిండంటే పోలీసోడన్నా కావాలె, పోస్టుమాన్ అన్నా కావాలె. ఆ సప్పుడు విన్నప్పుడల్లా మా నాయనమ్మ గుండె పట్టుకునేది.

"నీ ఇంట్లకు నువ్వు రానీకి ఎవని పర్మిషన్ రా?" అని తిట్టేది.

ఏదన్నా గాలి సోకిందేమోనని బొంతపల్లి వీరన్న గుడికి తోల్కపోయింది. అక్కడ గంట కొట్టుడు మరిచి, గర్భగుడి తలుపు కొట్టిండు మహానుభావుడు!

ఊరంతా నవ్వింది. నేను గూడ నవ్విన. ఆయన పరేషానై, ఆరు నెలలకు మా లెక్కనే అయిండు. ఒకరోజు సీదా వంటింట్లకు జొరబడి, "ఏమే, జల్దీ అన్నం పెట్టు" అని కేకేసిండు. కొడుకు బాగైండని నాయనమ్మ వాడకట్టంతా బెల్లం పంచింది.

ఆయన భార్య, మా చిన్నమ్మ, ఆ బెల్లం ముట్టలేదు.

"ఈ ఇంట్ల నన్ను అడిగి లోపలికొచ్చినోడు ఆయనొక్కడే ఉండె" అన్నది నాతోని.

తెల్లారి సంది, పొగకు కండ్లు మండుతున్నా సరే, పట్టపగలే వంటింటి తలుపు దగ్గరికేసుకొని వంట చేసుడు మొదలువెట్టింది.