బెల్టు మార్చే పని పోయిన వేసవి

మా వర్క్‌షాపు తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో ఉండేది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి నేను అందులో చేరేనాటికి ఊళ్లో మిద్దెల మీద టీవీ యాంటెనాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. షాపులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మిల్లింగ్ మిషన్‌కు ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం.

అది పాతకాలపు మిషన్. యజమాని బెంగళూరు నుంచి కంట్రోలరు తెప్పించి దానికి తగిలించాడు. ప్రోగ్రాము ఎక్కిస్తే స్టీలు బిగించిన బల్ల తనంతట తానే ఎటు జరగాలో అటు జరిగేది, కట్టర్ ఎంత కోయాలో అంతే కోసేది. కట్టర్‌ను పట్టుకుని తిరిగే స్పిండిల్ మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. దాని వేగం మార్చాలంటే మిషన్ ఆపి, పైమూత తీసి, బెల్టును పుల్లీలో ఒక మెట్టు మీది నుంచి ఇంకో మెట్టు మీదికి లాగాలి. పెద్ద కట్టర్ అయితే నెమ్మదిగా తిరగాలి, సన్న డ్రిల్లు అయితే జోరుగా తిరగాలి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు మేం చేసే స్టీలు పలకలకు రెండూ కావాలి. కట్టర్ మార్చడానికి స్పానర్ చాలు. బెల్టు మార్చడానికి భుజం కావాలి.

ఆ భుజం మా ఆపరేటరుది. యాభై దాటిన మనిషి, వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. నేను ఆయన్ని మామా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. నేను చేరిన కొత్తలో పక్క మిషన్ల వాళ్లు పని ఆపి నన్నే చూస్తుంటే, "ఏం, ఆడపిల్లను ఎప్పుడూ సూడలేదా?" అని గదమాయించింది ఆయనే.

మామిడి పిందె పడే రోజుల్లో ఆయన వాళ్ల ఊళ్లో సైకిలు మీది నుంచి పడ్డాడు. ఎడమ భుజం విరిగింది. పుత్తూరు కట్టు వేయించుకుని, అది విప్పాక పనిలోకి వచ్చాడు. ఎముక అతుక్కుంది కానీ చెయ్యి పైకి లేవడం లేదు. మూత తీసి బెల్టు పట్టుకున్నాడో లేదో, నొప్పికి కళ్లు మూసుకున్నాడు. నేను పోయి లాగాను. బెల్టు కదల్లేదు. నా వేలు దానికీ పుల్లీకీ మధ్య ఇరుక్కుని గోరు నల్లబడింది.

యజమాని ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "ఏం మేస్త్రీ, ఈ మామిడి సీజను ఎట్ల గట్టెక్కేది?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, దిగులే ఉంది.

"ఇంకో మనిషిని పెట్టుకో సామీ. నేను పక్కన నిలబడి సెప్తా" అన్నాడు మామ. అంటున్నప్పుడు ఎవరి వైపూ చూడలేదు.

నాకు మనసు ఊరుకోలేదు. "సార్, బెల్టు లాగే పనే లేకుండా చేస్తే?" అన్నాను.

కంట్రోలరు వెనక వైర్లు బిగించే స్క్రూలు రెండు ఖాళీగా ఉండేవి. ప్రోగ్రాములో వేగం ఎంతని రాస్తే, దానికి తగ్గట్టు ఆ స్క్రూల దగ్గర వోల్టేజి పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ వోల్టేజిని బట్టి వేగం మార్చుకునే మోటారు, దాన్ని నడిపే డ్రైవు పెట్టె ఉంటే చాలు. ఈ మాటే చెప్పాను.

"నీకు వస్తాదా ఇది?" అని అడిగాడు యజమాని.

"చేసి సూడలేదు సార్. వస్తాదనే అనుకుంటా ఉండా."

ఆయన సరేనన్నాడు. మద్రాసు పోయి ఎక్కడో వాడేసిన డీసీ మోటారునూ డ్రైవు పెట్టెనూ పట్టుకొచ్చాడు. మోటారు ఎక్కడ కూర్చోవాలో మామ కొలతలు తీసి గీసిచ్చాడు, తక్కిన వాళ్లు బిగించారు, నేను వైర్లు వేశాను.

ప్రోగ్రాములో వేగం ఐదు వందలని కొట్టగానే స్పిండిల్ కదిలింది. "తిరగతా ఉండాది పాపా!" అని మామ అరిచాడు. కానీ బల్ల జరగడం మొదలవగానే స్పిండిల్ ఉన్నట్టుండి జోరందుకుంది, అంతలోనే చతికిలబడింది. డ్రిల్లు టప్పున విరిగింది. ఇంకోటి పెడితే అదీ అంతే.

అన్నీ విప్పి చూశాను. కంట్రోలరు దగ్గర వోల్టేజి నిలకడగా ఉంది, డ్రైవు దగ్గరికి చేరేసరికి వణుకుతోంది. మధ్యలో ఉన్నది నేను వేసిన సన్న వైరే. దాన్ని మోటార్ల కరెంటు వైర్లతో కలిపి ఒకే కట్టగా కట్టాను. వాటి గోలంతా ఇందులోకి దూరుతోంది. ఆ గోలను అడ్డుకోవాలంటే చుట్టూ రాగి అల్లిక ఉన్న వైరు కావాలి, అంటే టీవీ యాంటెనా వైరు. అందరూ యాంటెనాలు పెట్టించే రోజులు కదా, అడిగిన ప్రతి అంగట్లోనూ అయిపోయిందన్నారు.

ఆదివారం ఇంట్లో అడిగాను. "టీవీ తెచ్చి ఎన్నాళ్లయింది? సాయంత్రం సినిమా ఉండాది, వీధంతా మనింటికే వస్తారు" అన్నాడు నాయన.

"కొత్త వైరు వస్తానే బిగించేస్తా నాయనా. ఆడ మామ చెయ్యి లేవడం లేదు."

నాయన మిద్దె ఎక్కి తానే వైరు విప్పాడు. సాయంత్రం చాపలు తీసుకుని వచ్చిన ఇరుగుపొరుగుకు గుమ్మంలోనే, "వైరు మా పాప మిషన్‌కు పెట్టింది, ఈ వారం సినిమా లేదు" అని చెప్పాడు. గొంతు మాత్రం పెళ్లికి పిలుస్తున్నట్టు ఉంది.

సోమవారం ఆ వైరును కరెంటు వైర్లకు దూరంగా, మిషన్‌కు అవతలి పక్క నుంచి లాగాను. రాగి అల్లికను ఒక కొసన ఎర్తుకు కలిపాను. బల్ల నడిచింది. స్పిండిల్ వేగం చెక్కుచెదరలేదు. పెద్ద కట్టర్ పని ముగిశాక మామ కుడిచేత్తో స్పానర్ తిప్పి డ్రిల్లు బిగించి, బటన్ నొక్కాడు. చప్పుడు సన్నబడుతూ పోయి ఈలలా నిలిచింది. డ్రిల్లు దిగింది, పైకి లేచింది, పక్కకు జరిగి మళ్లీ దిగింది. విరగలేదు. మామ పలకను గుడ్డతో తుడిచి, ఒక్కో బెజ్జం మీదా వేలు పెట్టి చూసుకుని నా చేతికిచ్చాడు.

సీజను దగ్గరికొచ్చేసరికి రెండు షిఫ్టులు నడపాల్సి వచ్చింది. ఇంకో ఆపరేటరు కోసం యజమాని వెతుకుతుంటే, "పాప ఉండాది గదా సామీ" అన్నాడు మామ.

"ఆడపిల్లా, మిషన్ మీదా?"

"బెల్టు లాగేది లేదు, ఏమీ లేదు. కట్టర్ బిగించేది నేను నేర్పిస్తా."

నేర్పించాడు. పొద్దున షిఫ్టు నాది, మధ్యాహ్నం షిఫ్టు ఆయనది. నేను ఆయనకు ప్రోగ్రాము రాయడం నేర్పాను. ఆయన రాసిన మొదటి ప్రోగ్రాముకు బల్ల కుడివైపుకు పోవాల్సింది ఎడమవైపుకు పోయింది.

"యాడికి పోతా ఉండాదో సూడు, నా మాట ఇంటేనా!"

"అంకె ముందర మైనస్ మరిచినావు మామా."

ఆయన నవ్వుకుంటూ కుర్చీ లాక్కుని, ఒక్కో మీటా వెతుక్కుంటూ నొక్కి దిద్దాడు. ఈసారి బల్ల కుడివైపుకు కదిలింది. బయట చిత్తూరు లారీకి పలకలు ఎక్కిస్తున్నారు. మామ అటు చూడనే లేదు, రెండో వరుస రాయడం మొదలుపెట్టాడు.