వదిన కూర్చోని సీటు

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన ఒక్క మనిషికి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో. విన్నాక మీరు నన్ను క్షమించనక్కర్లేదు. చివరిదాకా వింటే చాలు.

నేను టెక్కలిలో టీచర్ని. మా ఊరు వజ్రపుకొత్తూరు దగ్గర. రోజూ పలాస వెళ్ళి, అక్కడ హైవే ఎక్కి బడికి చేరతాను. బస్సుల కోసం నిలబడలేక ఒక పాత చిన్న కారు కొనుక్కున్నాను. నా దగ్గరికి వచ్చేసరికే అది చాలా తిరిగిన బండి. నేనింకా తిప్పాను. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటింది.

వదిన అంటే మా పెదనాన్న కొడుకు భార్య. మా ఊరికి కాస్త అవతల, సముద్రం వైపు కొబ్బరితోటల్లో వాళ్ళ ఇల్లు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది. నేను కారు నేర్చుకునేటప్పుడు నా పక్కన కూర్చోడానికి ఇంట్లో ఎవరూ సాహసించలేదు. వదిన ఒక్కతే కూర్చుంది. బ్రేకు అనుకుని వేరేది తొక్కి జీడితోట కంచెలోకి పోనిచ్చిన రోజు కూడా పడీపడీ నవ్వి, దిగి, బండిని వెనక్కి తోసి, మళ్ళీ వచ్చి అదే సీట్లో కూర్చుంది. నాకు డ్రైవింగ్ వచ్చిందంటే ఆవిడ వల్లే.

తర్వాత, మా ఉద్దానంలో ఎన్నో ఇళ్ళకి వచ్చిన జబ్బే వాళ్ళింటికీ వచ్చింది. వదిన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. నా దారే కదా, నేనే తీసుకెళ్ళేదాన్ని. పొద్దున ఆసుపత్రి దగ్గర దింపి టెక్కలి వెళ్ళేదాన్ని. సాయంత్రం నేను వచ్చేదాకా వరండాలో కూర్చుని ఎదురుచూసేది. తిరుగు ప్రయాణంలో ఆవిడకి ఒంట్లో శక్తి ఉండేది కాదు. ఒక్కోసారి వాంతయ్యేది. ఒకరోజు చేతికి వేసిన కట్టు తడిసి సీటు మీద నెత్తురు పడింది. నీరసంతో కళ్ళు మూతలు పడుతున్నా కొంగుతో తుడుస్తూనే ఉంది. వద్దు వదినా అన్నాను. అప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను.

గతుకుల్లో బండి ఎగిరినప్పుడల్లా ఆవిడ పెదవి కొరుక్కునేది. అది చూడలేకే కారు బాగుచేయించాలనుకున్నాను. పలాసలో మెకానిక్ బండంతా చూసి, "కొత్తదెందుకు మేడమ్, ఇంజిను గట్టిగుంది. దీన్నే బాగుసేయించుకోండి, ఇంకా సాన్నాళ్ళు తిరుగుతాది" అన్నాడు. షాకబ్జార్లు మార్పించాను. ఎప్పుడో చచ్చిపోయిన ఏసీని బతికించాను. ఈ రెండూ వదిన కోసమే. ఆ సంగతి చెబితే ఎంత సంబరపడిందో!

అంతటితో ఆగలేదు. పాటలకి టచ్‌స్క్రీన్ తెర ఒకటి పెట్టించాను. మీగడ రంగు సీటు కవర్లు వేయించాను. గ్యారేజీలోంచి బయటికి తెచ్చి తలుపు తీసి చూసుకుంటే, అది నా కారేనా అనిపించింది. కొత్త వాసన. నా బతుకులో నాకోసం అంత మురిపెంగా చేసుకున్నది అంతకుముందు ఏమీ లేదు.

మర్నాడు వదినకి డయాలసిస్.

పొద్దున్నే ఫోన్ చేసి, క్లచ్ పోయింది వదినా, బండి ఇంకా గ్యారేజీలోనే ఉంది అని చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! ఒక్క వారమే అనుకున్నాను. కొత్తదనం తీరేదాకానే అనుకున్నాను. సీట్ల మీద ఏదైనా పరుద్దామని ఎందుకు తోచలేదు? తోచింది. ఇక్కడ కూడా అబద్ధమెందుకు? తోచింది, కానీ అప్పటికి నాకు వేరే సుఖం తెలిసిపోయింది. ఆసుపత్రి దగ్గర ఆగక్కర్లేదు, వాంతి కవరు పట్టుకోనక్కర్లేదు, పక్కన జబ్బుమనిషి మూలుగు లేకుండా పాటలు వింటూ ఇంటికి రావచ్చు. సీట్లు ఒక సాకు. నేను అలసిపోయాను. అలసిపోయానని చెప్పి ఉంటే ఆవిడ అర్థం చేసుకునేది. మంచిదాన్ననే పేరు పోతుందని చెప్పలేదు.

వారం నెలలయింది. ఇంట్లోనూ క్లచ్ మాటే చెప్పి, ఎవరికీ కనపడకుండా కారుని పూండిలో ఉంచి, పలాస దారి వదిలేసి అక్కణ్ణుంచే టెక్కలి వెళ్ళడం మొదలుపెట్టాను. వదిన షేర్ ఆటోల్లో వెళ్ళొచ్చేది. కూర్చోలేక ఒక్కోసారి మానేస్తోందని మా అమ్మ చెప్పింది. విననట్టు ఊరుకున్నాను.

ఒకరోజు కొత్త తెర పనిచేయడం లేదని మెకానిక్‌కి చూపించడానికి పలాస దారినే వెళ్ళాను. వాన పడుతోంది. ఆటోలు ఆగేచోట వదిన నిలబడి ఉంది. చేతికి నీళ్ళు తగలకుండా ప్లాస్టిక్ సంచి చుట్టుకుంది. నా కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. బండి నెమ్మదించింది కూడా. ఆవిడ తలెత్తింది. నేను రోడ్డు వైపే చూస్తూ పోనిచ్చేశాను.

చూసిందా? వానలో గుర్తుపట్టి ఉండదులే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ ఆదివారం ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను. కారుని తోట మలుపులో ఆపి నడిచి వెళ్ళాను. వదిన మంచం మీద ఉంది. మొహం, కాళ్ళు వాచిపోయాయి.

"ఎలాగొచ్చినావు పిల్లా?"

"ఆటోలో వదినా."

"బండి బాగవలేదేటి ఇంకా?"

"లేదు. క్లచ్ దొరకడం లేదంట."

ఆవిడ నా చేతి వైపు చూసింది. కారు తాళం గుప్పిట్లోనే ఉంది. దాచుకోవాలని కూడా తట్టలేదు. తర్వాత నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"పోన్లే. బాగయినా సరే, నన్ను ఎక్కించుకోకే. సెయ్యి కారుతాది. తెల్లటి సీట్లు పాడయిపోతాయి."

సీట్ల సంగతి నేను ఆవిడకి చెప్పలేదు.

అప్పుడైనా కాళ్ళ మీద పడొచ్చు. మలుపు దాకా పరిగెత్తి కారు తెచ్చి గుమ్మంలో పెట్టొచ్చు. ఏమీ చేయలేదు. "టీ తాగెళ్ళు" అంది. తాగాను. తాగి వచ్చేశాను.

ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. అన్నయ్య ఆటోలో తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. నాకు ఫోన్ చేయలేదు. నా కారు పాడయిందని అన్నయ్య నమ్మాడు కదా. వదిన ఆయనకి నిజం చెప్పలేదు. నా పరువు కాపాడి వెళ్ళిపోయింది.

నేను తీసుకెళ్ళి ఉంటే బతికేదా? అంత ముదిరిన జబ్బు ఎన్నాళ్ళు ఆగుతుందో డాక్టర్లే చెప్పలేరు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్ళు బతికాను. కానీ నన్ను తినేస్తున్నది ఆ ప్రశ్న కాదు. ఆవిడ ఎన్నాళ్ళు బతికేదో నాకు తెలియదు. ఉన్నన్నాళ్ళూ వానలో ఎందుకు నిలబడిందో మాత్రం తెలుసు.

దినం రోజున అన్నయ్య అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "సొంత సెల్లి కూడా సెయ్యదమ్మా నువ్వు సేసినట్టు. బండి పాడవకపోతే నువ్వు వదిలీదానివి కాదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో అక్కడ ఒక్కరికీ తెలియదు. ఆ మాటకి తలూపాను. నా తప్పులన్నిటిలో ఆ తలూపడమే పెద్దదని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆ కారు ఇప్పటికీ నడుపుతున్నాను. అమ్మేయమని అందరూ అంటారు. అమ్మి ఇంకొకటి కొంటే, ఇదంతా ఆ బండితోపాటే పోయిందని నన్ను నేను నమ్మించుకుంటానని భయం.

ఈమధ్య అన్నయ్యకీ రక్తపరీక్షలు బాగా రావడం లేదు. ఆయన్ని నేనే పలాస తీసుకెళ్తున్నాను. కారెక్కిన ప్రతిసారీ వదిన మాటే. నా మంచితనం గురించే. చెప్పేద్దామని నోరు తెరుస్తాను. ఆయన అలసటగా సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంటాడు. నోరు మూసుకుంటాను. ఆయన్ని కష్టపెట్టకూడదనా, నేను తప్పించుకోవాలనా? రెండోదే ఎక్కువ.

అందుకే ముందు మీతో అంటున్నాను. ఒకసారి బయటికి అంటే, రెండోసారి అనడానికి నోరు తిరుగుతుందేమో. ఆ రోజు క్లచ్ పోలేదు. బండికి ఏమీ కాలేదు. మా వదినని నేను కావాలనే వదిలేశాను.