గంజి పెట్టిన కారు సీటు

ఆ రోజుల్లో వరంగల్లులో ఎవరైనా బండి కొంటే జనం దాని రంగు చూసేవారు, హారన్ కొట్టి చూసేవారు, టైర్లను కాలితో తన్ని చూసేవారు. లోపల ఎలా ఉందని అడిగినవాణ్ణి నేనైతే చూడలేదు. లోపల ఎంతమంది పడతారన్నదే ప్రశ్న. అలాంటి ఊళ్లో "ఇంటీరియర్" అనే మాటను మొట్టమొదట పలికినవాణ్ణి నేనేనని నా నమ్మకం. హైదరాబాదులో మా మేనమామ ఇంట్లో మూడు నెలలుండి, పక్కనే ఉన్న కారు సీట్ల దుకాణం ముందు రోజూ నిలబడి నేర్చుకున్న మాట అది. మాట ఒక్కటే నేర్చుకున్నాను. పని నేర్చుకుందామంటే దుకాణం వాడు గడప దాటనివ్వలేదు. (ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.)

మాది కొత్తవాడ. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి తువ్వాళ్లది, ఒకటి జంపఖానాలది. పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడులో నిద్రపోయి, మగ్గం ఆగితే ఉలిక్కిపడి లేచినవాణ్ణి. ఇరవై ఒకటో ఏట నాకు జ్ఞానోదయమై, "ఇగ నేను మగ్గం మీద కూసోను బాపూ, కార్ల పని జేస్త" అని మా నాన్నకు చెప్పేశాను. బాపు చేతిలోని పంజాను (పోగును దిగగొట్టే ఇనుప దువ్వెన) పక్కన పెట్టి, నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసి, "మన వాడకట్టుల కారు ఎవలికున్నదిరా?" అన్నాడు. ఎవరికీ లేదు. అయినా నేను తగ్గలేదు. హనుమకొండలో రిక్షా సీట్లు కుట్టే ఉస్తాద్ దగ్గర చేరిపోయాను. రిక్షాకూ కారుకూ ఒక్క చక్రమే కదా తేడా అని నా ధైర్యం.

ఏడాది పాటు రిక్షాలే కుట్టాక, వకీలు సారు కారు వచ్చింది. ఇంగ్లాండులో తయారైన పాతకాలపు రేసు కారు. రెండే సీట్లు, టాపు వెనక్కి మడిచేయొచ్చు, ముందు భాగం మొసలి మూతిలా పొడుగు. ఎవరో నవాబుగారి దగ్గర ముచ్చటపడి కొన్నాడట. జనగామలో పెళ్లి చేసుకుని, పెళ్లికూతుర్ని ఆ కారులోనే పక్కన కూర్చోబెట్టుకుని, టాపు తీసి, నడి వేసవి మిట్టమధ్యాహ్నం హనుమకొండకు తెచ్చుకున్నాడు. ఆ రోజు దిగిన వకీలమ్మ మళ్లీ ఆ కారు ఎక్కలేదు. గుడికైనా, చుట్టాలింటికైనా రిక్షాలోనే పోయేది. సారు ఆమెను ఒంటరిగా పంపేవాడు కాదు. ముందు రిక్షాలో ఆమె, వెనక కారులో మొదటి గేరులో ఆయన. రిక్షావాడు చెమట తుడుచుకోవడానికి ఆగితే కారు కూడా ఆగేది. ఇది చూసి నవ్వడం కూడా హనుమకొండ జనం ఎప్పుడో మానేశారు.

ఆ ఎండాకాలంతో వాళ్ల పెళ్లయి ఇరవై అయిదేళ్లు నిండుతున్నాయి. ఊళ్లో కారు సీట్లు కుట్టేవాళ్లు లేరు కాబట్టి సారు నేరుగా ఉస్తాద్ దగ్గరికే వచ్చాడు. "సీట్లు పగిలినై ఉస్తాద్, లోపలి పీచు బయటికొచ్చింది. గందుకే మా ఇంటామె ఎక్కుతలేదు. కొత్తదాని లెక్క జేయి. లగ్గం రోజున ఆమెను పక్కన కూసోవెట్టుకొని రామప్పకు వోవాలె," అన్నాడు. కోర్టు కిటికీలు అదిరేలా వాదిస్తాడని పేరున్న మనిషి. ఆ చివరి మాట దగ్గర మాత్రం గొంతు తగ్గింది. షరతు ఒక్కటే, సీట్ల మీది ఎర్రతోలు పోవద్దు. "అది ఇంగ్లాండు తోలు. రెక్సిన్ కనబడ్డదంటే నోటీసు పంపుత!"

ఉస్తాద్ నిజాయితీపరుడు. "సారూ, నాకు రిక్షా పనే గాని..." అని మొదలుపెట్టాడు. నేను అడ్డం దూరి, "ఇంటీరియర్ సంగతి నాకిడిసిపెట్టుండ్రి సార్" అన్నాను. ఆ మాటకు సారు ముఖం వెలిగిపోయింది. సారు పోయాక ఉస్తాద్ నావైపు తిరిగి, "అరె బేటా, నీకు నిజంగ వస్తదా?" అన్నాడు. "మంచిగొస్తది" అన్నాను. "అయితే ఈ పని కానీయ్. పనితనం జూసి దుకాణం బోర్డు మీద నీ పేరు గూడ రాపిస్త" అన్నాడు. బోర్డు మీద పేరంటే ఇక మగ్గానికి శాశ్వతంగా సెలవే. ఆ క్షణం నుంచి నా కళ్లకు బోర్డు తప్ప ఏమీ కనిపించలేదు.

సీట్లు విప్పాం. తోలు ఎండి, అక్కడక్కడ బీటలు వారి, ముడతలు పడి సోలిపోయి ఉంది. ఎడమ సీటు సందులో పసుపు రంగు పోయిన అక్షింతలు నాలుగు దొరికాయి. ఉస్తాద్ వాటిని కాగితంలో పొట్లం కట్టి సారుకిచ్చాడు. సారు దాన్ని కోటు జేబులో పెట్టుకున్నాడు. ఆ మర్నాడు ఉస్తాద్ కూతురికి ప్రసవమైందని కబురు రావడంతో ఆయన మహబూబాబాద్ వెళుతూ, "నాలుగు రోజులల్ల వస్త. తోలుకు జర జర నూనె తాగించాలె, అది నా చేత్తోని జేస్త. నువ్వు ముట్టకు, ఫికర్ జేయకు" అని చెప్పి వెళ్లాడు.

ఫికర్ చేయకుండా రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు ఆ సోలిపోయిన తోలును చూస్తుంటే, ఉస్తాద్ వచ్చేసరికి దాన్ని నిలబెట్టి చూపించాలనిపించింది. సోలిపోయినదాన్ని నిలబెట్టడానికి నేతకాని ఇంట్లో పుట్టినవాడికి తెలిసిన మందు ఒక్కటే ఉంది. మా ఇంట్లో పడుగు నూలు మెత్తబడితే గంజి, అంగీ కాలరు వాలితే గంజి, నాకు కడుపు చెడితే గంజి. అన్నిటికీ పని చేసింది, దీనికెందుకు చేయదు? ఇంటికి పోయి అవ్వనడిగితే (మా వైపు అమ్మను అవ్వ అంటాం) ఎందుకని కూడా అడగకుండా బకెట్ నిండా పోసిచ్చింది. పోగు పెళుసు కాకుండా గంజిలో కొంచెం నూనె కలుపుతారు. అదీ కలిపాను. పడుగుకు రుద్దే కుంచెతోనే తోలుకు రెండు వైపులా పట్టించి, దుకాణం వెనక తాడు కట్టి, నాలుగు మూలలూ గుంజి, ఎండలో ఆరేశాను. మా వాడకట్టులో అంత పొందికగా గంజి పెట్టినవాడు లేడని ఆ పూట నాకు గర్వం కూడా కలిగింది.

వరంగల్ ఎండ తన పని తాను చేసింది. సాయంత్రానికి తోలు నిలబడింది. గోడకు ఆనిస్తే ఆనింది, ఆనించకపోయినా నిలబడింది. మడవబోతే అప్పడంలా పటపటలాడి అంచు విరిగి చేతికొచ్చింది. మర్నాడు వచ్చిన ఉస్తాద్ దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో రెండుసార్లు కొట్టి, ఆ చప్పుడు విన్నాడు. "సారు సీటడిగిండు బేటా. నువ్వు తలుపు జేసినవ్. గొళ్లెం ఒక్కటే తక్కువ" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అప్పటికి లగ్గం రోజు పది రోజుల దూరంలో ఉంది. అలాంటి తోలు మన దేశంలో దొరకదు, రెక్సిన్ వేస్తే నోటీసు వస్తుంది, మామూలు బట్ట వేస్తే నెలకు చిరుగుతుంది. ఉస్తాద్ గడ్డం గోక్కుంటూ ఆలోచించి, "మీ నాయిన నేసిన జంపఖానా మా ఇంట్ల మంచం మీద ఏసి పదేండ్లయింది, పోగు లేవలే. పో, అడుగు" అన్నాడు. హనుమకొండ నుంచి కొత్తవాడకు సైకిల్ మీద అంత నెమ్మదిగా నేనెప్పుడూ పోలేదు.

బాపు మగ్గం మీదే ఉన్నాడు. విషయమంతా విన్నాడు. తిడతాడని తల వంచుకు నిలబడ్డాను. "గంజిల నూనె గలిపినవా?" అన్నాడు. "కలిపిన." "అయినా వోయిందా?" "పోయింది." కొత్త సంగతి తెలిసినట్టు తల ఊపాడు. ఆ తర్వాత, "జంపఖానా ఒక్కని తోని అయ్యే పని గాదు. కాళ్లు కడుక్కొని రా" అన్నాడు. అంతే. ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అని ఉంటే నాకు ఊరటగా ఉండేది.

వారం రోజులు పక్కపక్కన కూర్చుని నేశాం. ఆ తోలు రంగుకు దగ్గరగా ఉండాలని బాపు నూలుకు రెండుసార్లు ఎరుపు పట్టించాడు. మగ్గం ముందు కూర్చోగానే నా చేతులు నన్నడగకుండానే పంజా అందుకున్నాయి. సిగ్గేసింది, లోపలెక్కడో సంతోషమూ వేసింది. ఒక్క విషయంలో మాత్రం గొడవైంది. మగ్గం దిగిన బట్టకు కత్తెర పెట్టడం బాపుకు గిట్టదు. సీటు కొలతకే నేసిచ్చాడు గానీ, చివరి కుచ్చులు కోయనివ్వలేదు. దాంతో ఇంగ్లాండు కారు సీట్లకు ముందువైపు వరుసగా ముడివేసిన కుచ్చులు వేలాడాయి. ఉస్తాద్ చూసి, "బాగనే ఉన్నది, గుర్రానికి జూలు లెక్క" అన్నాడు. ఆయన నన్ను ఓదార్చాలని చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

లగ్గం రోజు పొద్దున కారు తీసుకెళ్లి సారు ఇంటి ముందు ఎండలో నిలబెట్టాం. సారు పట్టు కండువాతో బయటికొచ్చి, లోపలికి తొంగి చూసి, "తోలేది?" అన్నాడు. ఉస్తాద్ నావైపు చూశాడు. నేను చంకలో పలకలా పట్టుకొచ్చిన తోలును ముందుకు చాపాను. సారు కూడా దాన్ని అందుకుని వేలితో కొట్టి చూశాడు. ఇక కోర్టు మొదలైంది. "ఇది తోలా? గంజి వెట్టుమని ఎవడు జెప్పిండు? అసలు నువ్వు కార్ల పని ఎక్కడ నేర్చుకున్నవ్?" ఆ చివరి ప్రశ్నతో దొరికిపోయాను. ఉన్న నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.

అప్పుడే వకీలమ్మ మెట్లు దిగి వచ్చింది. గేటు దగ్గర రిక్షా సిద్ధంగా ఉంది. ఆమె రిక్షా వైపు పోతూ పోతూ కారు దగ్గర ఆగి, పెనం వేడి చూసినట్టు ముందు వేలి కొసతో, తర్వాత అరచేత్తో సీటును తాకి చూసింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఎడమ సీటులో కూర్చుంది.

"గిది కాలుతలేదు" అంది.

"ఏంది?" అన్నాడు సారు.

"సీటు. సల్లగున్నది."

"అంటే, గీ ఇరవై అయిదేండ్ల సంది నువ్వు..."

"ఆ తోలు లగ్గం నాడే కాలింది. జనగామ కాడికెళ్లి ఈడిదాక. కొత్త పెండ్లికూతుర్ని, ఏడ గాలిందని జెప్పాలె మీకు?"

"తర్వాతన్న జెప్పొచ్చు గదా!"

"మీరు అడుగలే గదా."

ఎంతమంది సాక్షులనో అడిగి అడిగి నీళ్లు తాగించిన మనిషి, తన చేతిలోని తోలు నాకు తిరిగిచ్చి, వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కారు రామప్ప దారి పట్టింది, కుచ్చులు గాలికి ఊగాయి. రిక్షావాడు అలవాటు కొద్దీ మూలమలుపు దాకా వెంట తొక్కి, అక్కడ ఏం చేయాలో తోచక ఆగిపోయాడు.

సారు ఊరంతా చెప్పాడు. జీపులున్న కాంట్రాక్టర్లు, అంబాసిడర్లున్న డాక్టర్లు జంపఖానా సీట్లు కావాలని ఉస్తాద్ దగ్గరికి వచ్చారు. ఆయన కుట్టాలంటే మేము నేయాలి. అలా మగ్గం ముందు కూర్చున్నవాణ్ణి ఇక లేవలేదు. కార్ల పని చేస్తానన్న మాట నిలబెట్టుకున్నాను, మగ్గం మీద కూర్చోనన్న మాటే తప్పింది. బోర్డు మీద పేరు రాలేదు. ఆ తోలును అవ్వ గంజి కుండ మీద మూతగా పెట్టుకుంది. ఇవాళ్టికీ చెక్కు చెదరలేదు.

మొన్నీమధ్య ఈ వయసులో ముచ్చటపడి ఒక పాత కారు కొన్నాను. రెండో రోజు గుడికి బయల్దేరుతుంటే మా ఆవిడ కారు దాటి వెళ్లి ఆటో ఎక్కింది. నేను వెనకాల మొదటి గేరులో పోతూ, వకీలు సారును తలుచుకుని నవ్వుకున్నాను. ఆయనలా ఇరవై అయిదేళ్లు ఆగేంత తెలివితక్కువవాణ్ణి కాదు కదా, గుడి దగ్గర దిగగానే అడిగాను. "సీటు కాలుతాందా?"

"సీటుకేమైంది, మంచిగనే ఉన్నది" అంది. "మీరు నడిపిత్తాంటెనే భయమైతాంది."

వకీలు సారు అన్నేళ్లు ఎందుకు అడగలేదో నాకు అప్పుడు అర్థమైంది.